పందెం ఆపితే మార్కులు పోవు, పని ఆపితే కూలి ఎందుకు పోవాలి?

ఇవాళ ఎరువు గురించి కాదు, ఉరుము గురించి.

హిమాచల్‌లో బీర్ బిల్లింగ్ అనే చోటుంది. రెక్కలాంటి గుడ్డ కట్టుకుని కొండ మీంచి ఎగురుతారు, పారాగ్లైడింగ్ అంటారు. 2015లో అక్కడ ప్రపంచ కప్ పోటీ జరిగింది. ఈ పోటీల్లో ఒక పద్ధతుంది. పందెం మధ్యలో ఉరుముల మబ్బు పెరిగితే రేడియోలో "పోటీ ఆపాం, దిగండి" అని చెప్తారు. ముందున్నోడైనా వెనకున్నోడైనా దిగాల్సిందే. పోటీ సరిపడా సేపు సాగి ఉంటే అప్పటిదాకా ఎగిరిన దూరానికి మార్కులిస్తారు. ఆపే ముందు కొన్ని నిమిషాలు లెక్కలోంచి తీసేస్తారు కూడా, ఆఖర్న తెగించినోడికి లాభం రాదు.

మబ్బుతో ఆట కాదని వాళ్లకి తెలుసు. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లా దగ్గర, ప్రపంచ పోటీల ముందు సాధనలో, ఉరుముల మబ్బు ఇద్దర్ని పైకి లాగేసింది. జర్మనీ తరఫున ఎగిరే ఎవా విస్నియర్స్కా దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి, స్పృహ తప్పి కూడా బతికింది. చైనా పైలట్ హె జోంగ్‌పిన్ చనిపోయాడు.

మరి మనం? దేశంలో పిడుగులకి ఏటా 2,000 మందికి పైగా పోతున్నారు. ఎక్కువమంది పొలం పనుల్లో ఉన్నవాళ్లే.

నా తప్పు నేనే చెప్తా. నిరుడు పత్తిలో కలుపు తీయిస్తుంటే మధ్యాహ్నం ఉరిమింది. పని ఆపించి సగం కూలి ఇచ్చా. మంచిపనే చేశాననుకున్నా. వారం తర్వాత మళ్లీ ఉరిమితే "రండమ్మా" అని గట్టు మీంచి పిలిచా. ఎవ్వరూ లేవలేదు. "ఆపితే సగమేగా ఇస్తావు అన్నా, ఈ నాలుగు సాళ్లూ అయిపోనీ" అంది ఒకామె. ఆ మాటకి తల దించుకున్నా. వాళ్లని చేలో ఆపింది మొండితనం కాదు, నేను కోసిన సగం కూలి.

"ఆడుకునేవాళ్లతో మనకు పోలికేంటి? నష్టం రైతే మొయ్యాలా?" అంటారు. నిజమే, మనకీ మిగిలేది తక్కువే. కానీ ఉరుములు వచ్చే రోజులు సీజనంతా ఉండవు. మిగిలిన నాలుగు సాళ్లు రేపు తీయొచ్చు. మనిషిని రేపు తేలేం.

దామిని యాప్ ఫోన్లో వేసుకోండి. ఉరుము వినపడగానే చేలోంచి బయటికి, చెట్టు కిందకి మాత్రం వద్దు, పక్కా ఇంట్లోకి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఆ రోజు కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి.

ఒక్కరిస్తే దండగ అంటారు. ఊరంతా ఇస్తే అదే కట్టుబాటు. ఈసారి నాట్లకు ముందే మీ ఊళ్లో కూర్చుని మాట్లాడుకోండి.