అద్దం మీద తెల్ల చుక్కలు

మన పక్క తిరువళ్లూరు, తిరుత్తణి పిలకాయలు కొందరు ఇప్పుడు మద్రాసులో పెద్ద కట్టడాల అద్దాలు కడిగే పనికి పోతున్నారు. నీళ్లు పారే పొడుగు కర్ర, కొనకు బ్రష్షు. కిందే నిలబడి కడగొచ్చు. ఆరినాక తెల్ల చుక్కలు తేలితే మేస్త్రీ కూలి కోస్తాడు. తప్పు చేతిది కాదబ్బా, నీళ్లది.

బోరు నీళ్లలో సున్నం, ఉప్పు ఉంటాయి. నీళ్లు ఆవిరైపోతే అవి అద్దం మీద మిగిలిపోతాయి. మిల్లు బాయిలర్లో పెచ్చు కట్టేదీ ఈ సున్నమే. అందుకే దానికి సాఫ్ట్‌నర్ నీళ్లు పోసేవాళ్లు. అద్దానికి ఆ నీళ్లు చాలవు. సున్నం పోతుంది గానీ దాని బదులు సోడియం ఉప్పు చేరుతుంది. ఆర్‌ఓ పట్టి, ఆపైన మిగిలిన ఉప్పును పట్టేసే రెజిన్ డబ్బాలో పోనిచ్చిన నీళ్లు కావాల. టీడీఎస్ మీటరు ముంచితే 10 లోపలే చూపాల. తాగే నీళ్లకు 500 దాకా ఉండొచ్చని సర్కారు లెక్క, చూడండి ఎంత తేడానో! ఆర్‌ఓ బయటికి వదిలే నీళ్లయితే బోరు కంటే అధ్వానం.

ముందు పై ఫ్రేము కడగండి, లేకుంటే దాని మురికి తర్వాత కారి చారలు పడతాయి. చివర పైనుంచి కిందికి నీళ్లు పారించి వదిలేయండి, గుడ్డ పెట్టొద్దు. కరెంటు తీగల పక్కన ఆ కర్ర ఎత్తనే వద్దు.

పని మొదలెట్టేటప్పుడే మేస్త్రీ ఎదురుగా మీటరు ముంచి, అంకె చూపించి, రాసి పెట్టుకోండి.