కోకో దీవుల కాకమ్మ కథ

పక్క దేశంతో ఏ దీవి గొడవ మొదలైనా అండమాన్‌లో ఒక పాత పాట వినపడుతుంది. అండమాన్‌కు ఉత్తరాన ఉన్న కోకో దీవులను నెహ్రూ బర్మాకు, అంటే నేటి మయన్మార్‌కు, ధారపోశాడట. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు శ్రీలంకకు దక్కిన కచ్చతీవు దీవి రగడ రేగగానే అండమాన్ నికోబార్ బీజేపీ అభ్యర్థి విష్ణుపద రే ఈ పాట మళ్లీ ఎత్తుకున్నారు. చాలా ఏళ్ల క్రితం జార్జి ఫెర్నాండెజ్ నోట కూడా ఇదే మాట వచ్చింది. దీనికి ఇచ్చే జవాబులు చదివితే ఇంకా విసుగొస్తుంది. ‘అదంతా బ్రిటిష్‌వాళ్ల పని’ అని చేతులు దులుపుకుంటే ఇక చెప్పాల్సింది ఏమీ లేనట్టే రాస్తారు.

లెక్క తేల్చడానికి రెండు తేదీలు చాలు. కోకో దీవులు 1882లోనే బ్రిటిష్ బర్మా పాలన కిందికి వెళ్లాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయినప్పుడు బర్మాతోనే పోయాయి. నెహ్రూ ప్రధాని కావడానికి అప్పటికింకా పదేళ్లుంది. తన దగ్గర లేనిదాన్ని దానం చేయడం నెహ్రూకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. ఇక ఈ కథ కంచికి పంపొచ్చు.

ఎవరూ ఎత్తని తేదీ ఇంకొకటుంది. విడిపోయిన బర్మాకూ మనకూ మధ్య అండమాన్ సముద్రంలో, కోకో చానెల్‌లో, బంగాళాఖాతంలో సరిహద్దు గీత ఎప్పుడు పడింది? 1986 డిసెంబర్ 23న, రంగూన్‌లో సంతకమైన ఒప్పందంతో. అప్పటికి ప్రధాని రాజీవ్ గాంధీ. విదేశాంగ మంత్రి ఎన్.డి. తివారీ, తర్వాత హైదరాబాద్ రాజ్‌భవన్‌కు గవర్నర్‌గా వచ్చినాయన. అంటే విడాకులు ఒక్క ఉదయంలో అయిపోయాయి, హద్దురాయి పాతడానికి 49 ఏళ్లు పట్టింది. దీవి ఎవరిచ్చారని అరిచేవాళ్లను ఒక్కసారి ఈ 49 గురించి మాట్లాడమనండి. నోరు పెగలదు.

1937లో ప్రాదేశిక జలాలంటే మూడు మైళ్లే, అప్పుడు సముద్రంలో గీతతో పనేముంది అని న్యాయకోవిదులు అనొచ్చు. నిజమే, సముద్ర చట్టం పెద్దదైంది తర్వాతే. కానీ నార్కొండం సంగతి మైళ్లది కాదు, ఆ దీవి ఎవరిదన్నది. ఉత్తర అండమాన్‌కు తూర్పున ఒంటరిగా ఉన్న ఆ చల్లారిన అగ్నిపర్వతం మీద, ప్రపంచంలో మరెక్కడా కనపడని హార్న్‌బిల్ పక్షికి ఇల్లయిన ఆ చిన్న దీవి మీద, బర్మా తన హక్కు మాటను 1986లో గానీ వదులుకోలేదు. ఆ ఒప్పందంలో ఇంకో ముచ్చటైన నిబంధన ఉంది. గీతకు ఏ పక్కన ఉన్న దీవులు ఆ పక్క దేశానివే, ఇక ముందు సముద్రంలోంచి పైకి తేలబోయే దీవులకూ అదే సూత్రం. బ్యారెన్ అగ్నిపర్వతం పొగలు కక్కే సముద్రంలో, 2004 భూకంపానికి ఉత్తర అండమాన్ తీరపు పగడపు దిబ్బలు నీళ్ల పైకి లేచిన సముద్రంలో ఇది ముందుచూపే. పుట్టని దీవికి కూడా పౌరసత్వం రాసిపెట్టారు. పుట్టి, పెరిగి, అటూ ఇటూ బంధువులున్న మనుషుల సంగతి మాత్రం ఆ గీతల ఒప్పందంలోకి రాలేదు.

విడిపోయేటప్పుడు మనుషుల సంగతి ఆఖరున చూసుకుందాంలే అనుకోవడం 1986లో పుట్టిన జబ్బు కాదు. 1931 జనగణన ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి మించి మనవాళ్లే. వాళ్లలో లక్షకు పైగా తెలుగువాళ్లు, కోరంగీలని పిలిపించుకుంటూ రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చినవాళ్లు. 1930 మేలో రంగూన్ రేవు అల్లర్లలో తన్నులు తిన్నదీ, ప్రాణాలు పోగొట్టుకున్నదీ ప్రధానంగా ఈ తెలుగు కూలీలే. ఇంత చూశాక కూడా 1937లో చేసిన ఏర్పాటేమిటి? మూడేళ్ల పాటు రాకపోకలూ వ్యాపారమూ ఉన్నది ఉన్నట్టే సాగనివ్వడం. వినడానికి బాగానే ఉంది. ఆ మూడేళ్లలో ఏం మాట్లాడుకున్నారని అడిగితే మాత్రం జవాబు లేదు. 1938లో మళ్లీ అల్లర్లు. గడువు తీరాక 1941లో, ఆ లక్షల మందిలో ఒక్కరినీ అడక్కుండా, భారత ప్రభుత్వం తరఫున గిరిజా శంకర్ బాజ్‌పాయ్ వెళ్లి వలసల ఒప్పందం మీద సంతకం చేసొచ్చారు. పర్మిట్లు, వాటికి రుసుములు, బర్మా స్త్రీతో కాపురం పెడితే పర్మిట్‌కే ఎసరు తెచ్చే షరతు. గాంధీ మండిపడ్డారు. అది పూర్తిగా అమల్లోకి రాకముందే 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మిగతాది విశాఖ కంచరపాలెం దగ్గర, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ బర్మా క్యాంప్ వాళ్లను అడిగితే పత్రికలకంటే బాగా చెబుతారు.

ఇదంతా ఆ కాలపు అజ్ఞానం అని సర్దుకోవడానికి కూడా లేదు. 1922లో ఐర్లాండ్ బ్రిటన్ నుంచి విడివడింది. 1923 ఏప్రిల్ 1న సరిహద్దులో కస్టమ్స్ చెక్‌పోస్టులు లేచాయి. సరుకును ఆపారు, మనిషిని ఆపలేదు. యుద్ధకాలం, ఆ తర్వాత కొన్నేళ్లు మినహాయిస్తే ఆ రెండు దేశాల మధ్య ఉమ్మడి ప్రయాణ ఏర్పాటు నేటికీ నడుస్తోంది. 1949లో ఐర్లాండ్ పూర్తి గణతంత్రమయ్యాక కూడా, దాన్ని పరాయి దేశంగా చూడబోమని బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది. 2016 రెఫరెండం తర్వాత బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చినప్పుడు, దాదాపు 500 కిలోమీటర్ల ఐరిష్ సరిహద్దు మీద 2023 విండ్సర్ ఒప్పందం దాకా జరిగిన రభస ప్రధానంగా సరుకుల తనిఖీ గురించే. మనిషి గేటు దాటడం గురించి కొత్తగా కొట్టుకోవాల్సిన పని వాళ్లకు రాలేదు. అదే లండన్, అదే పార్లమెంటు. ఐరిష్‌వాడికి 1920ల్లోనే దొరికిన వెసులుబాటు రంగూన్ రేవు కూలీకి 1937లో ఎందుకు దొరకలేదో వేరే చెప్పాలా?

సరే, అది తెల్లవాళ్ల రాజ్యం. మన రాజ్యం ఏం చేస్తోంది?

మాయాబందర్ దగ్గర వెబీ అనే ఊరుంది. 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలను అడవి పనుల కోసం తెచ్చి అక్కడ దించారు. వాళ్లు పాస్‌పోర్టుల మీద రాలేదు. ఒకే దేశంలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో చోటికి కూలికి వచ్చారు, శ్రీకాకుళం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు మనవాళ్లు వచ్చినట్టే. పన్నెండేళ్లకు వాళ్ల వెనక సరిహద్దు పడింది. ఇప్పుడు మాయాబందర్, డిగ్లిపూర్ ప్రాంతాల్లో వాళ్ల సంతతి సుమారు రెండు వేల మంది. 2018లో కేంద్రం అండమాన్ దీవుల్లో చాలావాటికి విదేశీ పర్యాటకుల పర్మిట్ ఎత్తేసింది. జర్మనీవాళ్లు రావొచ్చు, బ్రెజిల్‌వాళ్లు రావొచ్చు. ఆ ఉత్తర్వులోనే ఒక తోక ఉంది. మయన్మార్ పౌరులు మాయాబందర్, డిగ్లిపూర్ వెళ్లాలంటే పర్మిట్ కావాలి, అదీ కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతితోనే. మొత్తం దీవుల్లో ఏ రెండు చోట్ల మయన్మార్ మనిషికి అయినవాళ్లున్నారో వెతికి మరీ ఆ రెండింటికీ తాళం వేశారు.

భద్రత సంగతేమిటి అంటారు. కొట్టిపారేయలేం. 2024 నవంబర్‌లో బ్యారెన్ దీవి దగ్గర మయన్మార్ పడవలో కోస్ట్‌గార్డ్‌కు దొరికిన మెథాంఫెటమైన్ 6 వేల కిలోల దాకా ఉంది. గ్రేట్ కోకోలో రన్‌వే పెరిగినట్టు 2023లో ఉపగ్రహ చిత్రాలు చూపాయి. సముద్రపు దోసకాయల కోసం మన దిబ్బల మీదికి దొంగచాటుగా వచ్చే పడవలూ ఉన్నాయి. అన్నీ ఒప్పుకుందాం. వీటిలో ఏ ఒక్కటైనా మేనత్తను చూడటానికి దరఖాస్తు పెట్టుకుని, పేరూ ఊరూ రాసి, ఫొటో అంటించి వచ్చే మనిషి వల్ల జరిగిందా? మత్తుమందు తెచ్చేవాడు పర్మిట్ అడుగుతాడా?

నేల మీద చేస్తున్నదీ ఇంతే. మయన్మార్‌తో 1,643 కిలోమీటర్ల సరిహద్దు పొడుగునా కంచె వేస్తామన్నారు. కొండజాతులవాళ్లు వీసా లేకుండా తిరగగలిగే దూరం ఒకప్పుడు 40 కిలోమీటర్లు, 2004 నుంచి 16. ఆ ఏర్పాటునే ఎత్తేస్తున్నామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. మిజోరం, నాగాలాండ్ అసెంబ్లీలు వద్దని తీర్మానాలు చేశాయి. ఏడాది చివరికి ఆ దూరం 10 కిలోమీటర్లకు, అస్సాం రైఫిల్స్ పాసులకు దిగింది. కంచెను సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ పుటలకు పుటలు రాశారు. సముద్రం మీద ఆ దూరం ఎప్పుడూ సున్నాయేనని మాత్రం ఎవరూ రాయలేదు. మణిపూర్ గ్రామస్థుడికి 10 ఉంటే వెబీ కరెన్‌కు సున్నా.

ఇది తెలుగువాళ్లకు పట్టని వ్యవహారమా? 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో 13 శాతం తెలుగు మాట్లాడేవాళ్లు. పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయినా జంగ్లీఘాట్‌లో వేటకు బయల్దేరే బోట్ల మీద తెలుగు మాట అలాగే ఉంది. ఇంజిన్ ఆగిపోతే, గాలి మారితే, గీత ఎక్కడుందో నీళ్ల మీద కనపడదు. 2018 చివర్లో మన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్థాన్‌కు చిక్కి 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ నేపథ్యంతో ‘తండేల్’ తీస్తే థియేటర్లో చప్పట్లు కొట్టాం. అంత వైరం ఉన్న పాకిస్థాన్‌తోనే 2008 ఒప్పందం కింద ఏటా జనవరి 1న, జులై 1న చిక్కిన జాలర్ల జాబితాలు మార్చుకుంటున్నాం. మయన్మార్‌తో అండమాన్ సముద్రం మీద అంతే కచ్చితమైన ఏర్పాటు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. జాబితాకు ఒక తేదీ, ఎవరి మనిషో తేల్చడానికి ఒక గడువు, తప్పిపోయినవాడికీ దొంగవేటగాడికీ మధ్య తేడా రాసిన ఒక కాగితం. నేపిడాలో పెత్తనం సైన్యానిదే, వాళ్లతో ఏం మాట్లాడతాం అంటారా? 1986లో రంగూన్‌లో ఉన్నది మాత్రం ఎవరి పాలన? నె విన్ ముఠాతోనే కూర్చుని నార్కొండం తేల్చుకున్నాం.

విడిపోయాక పంపకాలు సాగదీస్తే ఏమవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని పదేళ్ల గడువు 2024 జూన్‌లో ముగిసినా విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూళ్ల సంస్థల పంచాయతీ తెగలేదు. అక్కడ నలిగేవి ఆస్తులు, ఇక్కడ మనుషులు. గీత గీయడానికే 49 ఏళ్లు తిన్న ప్రభుత్వాలు, గీత పడ్డాక ఇంకో నాలుగు దశాబ్దాలకు దగ్గరవుతున్నా ఆ మనుషుల ఫైలు తెరవలేదు. ఆ సమయమంతా లేని దానపత్రం వెతకడానికి సరిపోయింది.

కోకో దీవుల గురించి అంత బాధపడిన విష్ణుపద రే ఆ ఎన్నికలో గెలిచారు. లోక్‌సభలో ఈ దీవులకున్నది ఒక్కటే సీటు, మాయాబందర్ ఆయన నియోజకవర్గమే. నెహ్రూను ఆయన అడగాల్సినవి తీరిగ్గా అడగొచ్చు. ముందు తన ప్రభుత్వపు హోంశాఖకు ఒక ప్రశ్న వేయమనండి: 2018 నుంచి ఇప్పటిదాకా మాయాబందర్, డిగ్లిపూర్‌లకు ఎంతమంది మయన్మార్ పౌరులకు పర్మిట్ ఇచ్చారు, ఎంతమందికి కాదన్నారు, ఏ కారణంతో? జవాబు రాతపూర్వకంగా, సభ ముందుకే రావాలి.