ఎక్స్‌కర్షన్‌కు పెన్సిలు పట్టుకుపోదాం

ఏటా చలికాలం వచ్చిందంటే చాలు, కాలేజీలో ఎక్స్‌కర్షన్ చర్చ మొదలవుతుంది. ఊటీకా, గోవాకా, హైదరాబాదుకా అని వారం రోజులు వాదులాడుకుంటాం. చందాలు వసూలు చేసి, బస్సు మాట్లాడుకుని, అయిదు రోజుల్లో పది ఊళ్ళు చుట్టేసి వస్తాం. ఏం చూసొచ్చార్రా అని ఇంట్లో అడిగితే సెల్‌ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తాం. ఆ ఫోటోల్లో ముందు నిలబడేది మనమే. చూడవలసింది మన వీపు వెనకాల ఉంటుంది. దీన్ని విహారయాత్ర అనొచ్చునేమో గాని, విజ్ఞానయాత్ర అని ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెట్టుకోవటం మాత్రం న్యాయం కాదు.

ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాదు వెళ్ళిన ప్రతి బ్యాచీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా విగ్రహాన్ని చూస్తుంది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నగరంలో కొన్నాడు. రాతిలో పల్చటి మేలిముసుగు ఎలా వచ్చిందబ్బా అని నోరు తెరిచేలోపే "గంట కొట్టే టైమయింది, పదండి పదండి" అని ఎవరో అరుస్తారు. అంతా గడియారం దగ్గరకు పరుగు! అదే విగ్రహం ముందు అరగంట కూచుని, ఆ ముసుగు మడతల్ని పెన్సిలుతో గీయటానికి ప్రయత్నించి చూడండి. బొమ్మ బాగా రాకపోవచ్చు. కాని ఎక్కడ రాయి పల్చబడిందో, ఎక్కడ వెలుగు ఆగిందో ఆ అరగంటలో మీ కంటికి తెలుస్తుంది. ఇక జన్మలో మరిచిపోరు.

ఇటలీ దేశంలో ఇట్లాంటి యాత్రలు ఈనాటికీ నడుస్తున్నాయి. ఓ పదిపదిహేను మంది, వాళ్ళ వెంట ఒక చిత్రకారుడు, చరిత్ర తెలిసిన ఒక గైడు. ఫ్లారెన్స్, సియెనా, వెనిస్, రోమ్ వంటి పాత నగరాలకు పోతారు. పొద్దున ఒక చౌరస్తాలోనో కాలవ గట్టునో కూచుని బొమ్మలు వేస్తారు. సాయంత్రం ఆ కట్టడాల కథ వింటారు. ఇది నిన్నమొన్నటి వ్యాపారం కాదు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1819లో ఇటలీ వెళ్ళి నోటుపుస్తకాలకు నోటుపుస్తకాలు బొమ్మలతో నింపుకొచ్చాడు. రస్కిన్ 1849లో వెనిస్ చేరి, పాడుబడుతున్న భవనాల తోరణాలూ స్తంభాలూ కొలిచి గీశాడు. అప్పటికే ఫోటో తీసే పద్ధతి వచ్చింది. రస్కిన్ దాన్ని వాడుకున్నాడు కూడా. అయినా చేత్తో గీయటం మానలేదు. "ఫోటో ఉండగా బొమ్మ దేనికి?" అనే మిత్రులు ఈ సంగతి గమనించాలి.

"అదంతా దొరల ముచ్చట, లక్షలు పోసి ఇటలీ పోవటం మనవల్ల అయ్యే పనేనా?" అని మీరనవచ్చు. నిజమే, కాదు. కాని ఆ పద్ధతి మన గోదావరి గట్టుకు వందేళ్ళ కిందనే వచ్చింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. శిష్యులను ఇంటికి పిలిచి బొమ్మలు వేయించాడు, అజంతా గుహలకు వెంటబెట్టుకుపోయాడు. ఆయన చలవ వల్లనే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళి చదువుకుని, తిరిగొచ్చి ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేశాడు. 1925లో మశూచితో 28వ ఏటనే పోయినా, ఆయన పేర చిత్రశాల రాజమండ్రిలో నేటికీ ఉంది. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఒక కాలేజి మాస్టారు విద్యార్థులకు చూడటం నేర్పితే ఏం జరుగుతుందో ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇకపోతే మన సంగతి. మా బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలుస్తుంది. కాస్త ఎగువన సారపాక, 1965 నాటి వంతెన, అవతలి ఒడ్డున భద్రాద్రి రాముడి గుడి, ఆ పైన పర్ణశాల. దిగువకు పోతే కుక్కునూరు, వేలేరుపాడు, కొయిదా, పేరంటాలపల్లి, పాపికొండలు. 2014లో మా మండలంలోని కొన్ని గ్రామాలు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ముంపు కింద ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు. మొత్తం మూడు వందల డెబ్భైకి పైగా ఆవాసాలు ముంపు లెక్కలో ఉన్నాయి. ప్రాజెక్టు మంచిచెడ్డలు వేరే చర్చ. కాని ఆ ఊళ్ళ రచ్చబండలూ, తాటాకు ఇళ్ళూ, ఇప్పచెట్ల కింద వేల్పుల గద్దెలూ ఎట్లా ఉండేవో రేపు పునరావాస కాలనీలో పుట్టిన పిల్లలు అడిగితే ఎవరు చూపిస్తారు?

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లారెన్స్ నగరాన్ని ముంచేసింది. గ్రంథాలయాల్లో పుస్తకాలు, చర్చిల్లో చిత్రాలు బురదపాలయ్యాయి. అప్పుడు దేశదేశాల విద్యార్థులు వచ్చి, వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ ఆ పుస్తకాలను బయటికి తీశారు. వాళ్ళను బురద దేవదూతలని పిలిచారు. మన గోదావరి భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు ఎక్కింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే! మన విద్యార్థులు కూడా అన్నం పొట్లాలు మోస్తారు, ముసలివాళ్ళను ఎత్తుకొస్తారు. అది గొప్ప పనే. అయితే వరదకు ముందు ఊరు ఎలా ఉందో రాసి, గీసి పెట్టుకోవటం కూడా విద్యార్థి బాధ్యతేనని నా అభిప్రాయం.

బొమ్మలు మనకు కొత్త కూడా కాదు. కోయల ఇలవేల్పుల పడిగెలు చూసినవాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు. గుడ్డ మీద తీర్చిన బొమ్మల్లో ఒక గోత్రం కథంతా ఉంటుంది. డోలీలు డోలు కొట్టి ఆ కథ పాడతారు. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య ఆ పాటకే 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. ఆయనతో ఎన్ని కథలు పోయాయో! మన ఎక్స్‌కర్షన్‌కు గైడు కావాలంటే ఊటీలో వెతకనక్కర్లేదు. ఇట్లాంటి పెద్దలు ఇంకా మన చుట్టుపక్కల ఉన్నారు.

అందుచేత యూనియన్ మిత్రులకు నా సూచనలు ఇవి. వచ్చే యేడు ఒక్క బ్యాచీనైనా బూర్గంపాడు నుంచి పాపికొండల దాకా నాలుగు రోజులు పంపుదాం. ఇరవై మందికి మించవద్దు. వెంట ఒక డ్రాయింగు మాస్టారు, ఒక చరిత్ర లెక్చరరు, ఒక కోయ పెద్ద ఉండాలి. ఆ పెద్దకు మర్యాదా, ఆయన రోజుకూలికి తగ్గని సొమ్మూ రెండూ ఇవ్వాలి. ఊళ్ళోకి అడిగిపోవాలి, వేల్పుల దగ్గర వద్దన్నది గీయగూడదు. లాంచీ ఎక్కితే లైఫ్‌జాకెట్ వేసుకోవలసిందే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం మరవొద్దు. రోజుకు రెండు చోట్ల కంటే ఎక్కువ ఆగవద్దు. వచ్చాక బొమ్మలన్నీ వార్షికోత్సవంలో పెట్టి, నకళ్ళు ఆయా ఊళ్ళ బడులకూ పునరావాస కాలనీలకూ ఇద్దాం.

"మాకు బొమ్మలు రావు గదా!" అంటారేమో. రానక్కర్లేదు. గుడిసె చూరు ఎంత కిందికి వంగిందో, గుంజలు ఎన్నో, వాకిలి ఏ దిక్కునుందో సరిగ్గా గీస్తే చాలు, రేపు అది దస్తావేజు అవుతుంది. ఖర్చు అంటారా, గోవా బస్సు కిరాయిలో సగం కాదు. ఒక అట్ట, పాతిక కాగితాలు, రెండు పెన్సిళ్ళు.

గోవా ఎక్కడికీ పోదు, ఉద్యోగాలొచ్చాక తీరిగ్గా చూడొచ్చు. వేలేరుపాడు వైపు ఊళ్ళకు మాత్రం అంత వ్యవధి లేదు. ఈసారి ఎక్స్‌కర్షన్ మీటింగులో ఈ మాట కూడా చర్చకు పెట్టవలసిందిగా తోటి విద్యార్థులను కోరుతున్నాను.