బగూంగ్ వాసన, మన ఖాందానీ ముక్కులు



దుబాయ్‌లో ఇరవై ఏళ్ళు బతికి, ఆఫీసులో ఫిలిపినో అమ్మాయి తెచ్చిచ్చిన చాయ్ రోజూ తాగి, ఆస్పత్రిలో ఫిలిపినో నర్సు చేత సూది వేయించుకుని, పిల్లల్ని ఫిలిపినో ఆయా చేతుల్లో పెట్టి డ్యూటీకి పోయి, సాయంత్రం మజ్లిస్‌లో కూర్చుని "వాళ్ళ హోటల్లో తింటావా భాయ్? తౌబా!" అనే మన హజ్రత్‌ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. గుస్సా వస్తే రానివ్వండి. నాకూ వచ్చింది కాబట్టే రాస్తున్నా.

నేను చెప్పే హోటల్ సత్వాలో దర్జీ దుకాణాల వెనక గల్లీలో ఉంది. ఆరంటే ఆరు టేబుళ్ళు. అద్దం వెనక ట్రేలలో కూరలు. వేలితో చూపిస్తే వడ్డిస్తారు. ఇలాంటి హోటల్‌ని వాళ్ళ జబాన్‌లో తురో-తురో అంటారు, అంటే చూపించు-చూపించు అని. పేరు తెలియని ఖానా అడగడానికి ఇంతకంటే ఆసాన్ తరీకా నేను చూడలేదు. బోర్డు మీద మాత్రం "ఫిలిపినో అండ్ ఏషియన్ ఫ్యూజన్" అని ఉంటుంది. లోపల ఒక థాయ్ సూపూ, రెండు రకాల చైనీస్ నూడుల్సూ, జపాన్ పేరున్న ఒక చికెనూ ఉన్నమాట నిజమే. అయినా ఆ ఫ్యూజన్ అనే మాట ఎందుకని గల్లా దగ్గర కూర్చునే ఆవిడని అడిగాను. "ఆతె" అని పిలిచాను. వాళ్ళలో అక్కని అలా అంటారు, అన్నని కుయా అంటారు. తెలియని వాళ్ళనైనా వరస కలిపి పిలవడంలో వాళ్ళూ మనమూ ఒకటే. ఆతె నవ్వి చెప్పింది: "ఫిలిపినో అని ఒక్కటే రాస్తే మా వాళ్ళు తప్ప ఎవరూ రారు కుయా. ఏషియన్ అని రాస్తే మీలాంటి వాళ్ళు కనీసం తొంగి చూస్తారు."

ఈ జవాబు మనకి కొత్తదా? విజయవాడలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు మా బడా అబ్బా ఫోన్‌లో పేరు చెప్పడం మానేశాడు. "బాషా" అని వినగానే ఇల్లు అప్పటికప్పుడే వేరే వాళ్ళకి ఇచ్చేసి ఉండేది! పేరు దాచి ఇల్లు చూసినా, చివరికి వంటింటి దగ్గర పట్టుకునేవాళ్ళు. "మీరు నీసు వండుతారా? వాసన వస్తుందండీ." ఎంత తమీజ్‌గా అడుగుతారో! హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో "ఓన్లీ వెజ్" అంటే అసలు మాట ఏమిటో మనలో ఎవరికి తెలియదు? ఆ వాసన మాట పడ్డ కౌమ్, ఆ బేఇజ్జతీ మూడు తరాలుగా దిగమింగిన కౌమ్, ఇక్కడ బెడ్‌స్పేస్ రూముల్లో కూర్చుని "ఆ ఫిలిపినో ఫ్లోర్‌లో లిఫ్ట్ తెరిస్తే కంపు" అంటుంది. వాహ్!

ముందు హలాల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ దాని వెనకే దాక్కుంటారు. షక్ ఉంటే అడగాలి, తహ్కీక్ చేసుకోవాలి, అందులో నాకు ఏ ఎతరాజూ లేదు. మనీలా పోతే అడిగి తీరాలి కూడా. అక్కడ అడోబో, సిసిగ్, లెచోన్ అంటే ఎక్కువగా పంది మాంసమే. దీనుగువాన్ అనేది రక్తంతో వండే కూర. కానీ దుబాయ్‌లో పంది మాంసం పెట్టాలంటే హోటల్‌కి వేరే పర్మిట్ కావాలి, వేరే వంట జాగా కావాలి. సత్వా గల్లీలో ఆరు టేబుళ్ళ హోటల్‌కి అంత తాహతు ఎక్కడిది? అక్కడ అడోబో కోడితో, బీఫ్‌తో చేస్తారు. నేను అడిగాను, ఆతె చెప్పింది, గోడ మీద కాగితం కూడా చూపించింది. సిర్కా గురించి అడిగాడొక సాహెబ్, అడోబోలో పోసేది కల్లు నుంచి తీసిన సిర్కా అట కదా అని. కొబ్బరి కల్లు, తాటి జాతి చెట్ల కల్లు పులిసి సిర్కా అయ్యాక అది సిర్కాయే. మన హనఫీ ఫిఖ్‌లో ఈ మస్లా వందల ఏళ్ళ కిందటే తేలిపోయింది. మద్రసాలో చదువుకున్నానని చెప్పుకునే ఆ సాహెబ్‌కి ఇది తెలియకపోవడం నా కసూర్ కాదు.

రొయ్యల సంగతి ఇంకా మజా. బగూంగ్ అంటే ఉప్పువేసి ఊరబెట్టిన చిన్న రొయ్యల ముద్ద. దాని మీద మన వాళ్ళకి ఉన్నట్టుండి మస్లక్ గుర్తొస్తుంది. 2018 మొదట్లో హైదరాబాద్ జామియా నిజామియా నుంచి రొయ్యలు మక్రూహ్ అని ఫత్వా వచ్చినప్పుడు, ఆ వారం ఎంతమంది రొయ్యల బిర్యానీ మానేశారో గుండెమీద చెయ్యి వేసి చెప్పండి. ఫత్వాని నిజంగా పాటించే వాళ్ళకి నా సలాం, వాళ్ళు బగూంగ్ పక్కన పెడితే అందులో ఇన్సాఫ్ ఉంది. కానీ బాపట్లలో ఎండు రొయ్యల కూర లొట్టలేసుకు తిని, సత్వాలో ముక్కు మూసుకునే వాడికి మక్రూహ్ అనే మాట ఒక బహానా.

దీన్ పేరు తీశారు కాబట్టి ఒక వాఖియా గుర్తు చేస్తాను. బుఖారీలో, ముస్లింలో రెండింట్లోనూ ఉంది. దస్తర్‌ఖాన్ మీద కాల్చిన ఉడుము లాంటి జంతువు వచ్చింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెయ్యి వెనక్కి తీసుకున్నారు. హరామా అని అడిగితే కాదన్నారు, తమ వాళ్ళ నేల మీద ఉండేది కాదు కాబట్టి మనసు పోలేదన్నారు. ఖాలిద్ బిన్ వలీద్ రజియల్లాహు అన్హు దాన్ని దగ్గరికి లాక్కుని ఆయన చూస్తుండగానే తిన్నారు. ఆ జంతువు మీద మన మస్లక్ వేరే రాయ్ చెబుతుంది, అది వేరే బహస్. నేను చూసేది అదబ్. ఇష్టం లేకపోతే తినకు. తినేవాడి మొహం మీద ఛీ అనకు. ఖానాకి ఐబు పెట్టకపోవడం ఆయన ఆదత్ అని చిన్నప్పుడు మక్తబ్‌లో మనందరం నేర్చుకున్నదే. మరి ఈ ఛీ ఎక్కడిది? చెప్పమంటే చెబుతాను. ఇది జాత్‌పాత్. ఊళ్ళో మనల్ని ఏ కళ్ళతో చూశారో ఆ కళ్ళనే విమానం ఎక్కించి తెచ్చుకున్నాం. మన మధ్యే అష్రాఫ్, దూదేకుల, కసాయి అని ఎంచుకునే వాళ్ళకి ఇంకో కౌమ్‌ని ఎంచడం ఎంత పని?

"కుక్కల్ని తింటారు కదా" అనే వాళ్ళు కూడా ఉన్నారు. ఫిలిప్పీన్స్‌లో 1998లోనే జంతు సంక్షేమ చట్టం వచ్చింది, 2007లో రేబిస్ చట్టం కుక్క మాంసం వ్యాపారానికి సజా రాసింది. కొండ ప్రాంతాల్లో కొన్ని చోట్ల ఆ ఆదత్ ఉండటం, ఒక దేశం మొత్తానికి ఆ ముద్ర వెయ్యడం ఒకటేనా? 2016లో హైదరాబాద్‌లో పేరున్న ఒక బిర్యానీ హోటల్ మీద కుక్క మాంసం అని వాట్సాప్‌లో పుకారు లేచింది. అబద్ధమని తేలింది, పోలీసులు ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నారు. ఆ నాలుగు రోజులు మనం ఎంత తల్లడిల్లామో మర్చిపోయారా? హోటల్ యజమాని పేరు ముస్లిం పేరు కాబట్టి పుకారు అంత తొందరగా పాకిందని ఆరోజు రాసిన వాళ్ళే ఈరోజు ఫిలిపినోల మీద అదే జోకు వేస్తున్నారు.

ఇక "అసల్ ఖానా కాదు, అంతా ఖిచిడీ" అనే మాట. బోర్డు మీద ఫ్యూజన్ అని ఉంది కాబట్టి ఇది ఇంకా ఆసాన్ అయింది. నిజమే, వాళ్ళ పన్సిత్ నూడుల్సూ, లుంపియా చుట్టలూ ఫుకియెన్ చైనీయుల నుంచి వచ్చాయి. అడోబో అనే పేరు స్పెయిన్ వాళ్ళది. వంట మాత్రం వాళ్ళది కాదు. స్పెయిన్ వాళ్ళు దిగేనాటికే అక్కడి జనం మాంసాన్ని సిర్కాలో, ఉప్పులో వండి నిలవ చేసేవాళ్ళు. దానికి స్పెయిన్ వాళ్ళు తమకి తెలిసిన పేరు పెట్టారు. 1613 నాటి ఒక నిఘంటువులోనే "స్థానికుల అడోబో" అని రాసుకున్నారు. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య ఓడలు తిరిగాయి. ఆ ఓడల్లో అమెరికా ఖండం పంటలు వచ్చాయి. తర్వాత అమెరికా వాళ్ళ హుకూమత్‌లో కెచప్ అలవాటైతే, మారియా ఒరోసా అనే రసాయన శాస్త్రవేత్త టమాటా దొరకని చోట అరటిపండుతో కెచప్ చేయడం కనిపెట్టింది. 1945లో మనీలా యుద్ధంలో ఆమె చనిపోయింది. ఆమె కెచప్ ఈనాటికీ ఆ ఆరు టేబుళ్ళ మీదా సీసాల్లో ఉంది.

దీన్ని ఖిచిడీ అంటే మనదేమిటి? హలీమ్ అరబ్బుల హరీస్ నుంచి వచ్చింది. 2010లో జీఐ ముద్ర పడగానే అది హైదరాబాదీ విరాసత్ అయిపోయింది. సమోసా మధ్య ఆసియాది. డబల్ కా మీఠాలో రొట్టె తెల్ల దొరలది. గుంటూరు మిర్చి, మన టమాటా, బొప్పాయి, జామ అన్నీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల పుణ్యమా అని వచ్చినవే. సపోటా అనే పేరు కూడా మెక్సికో జనం మాటే. చిగుర్ గోష్త్ అంటాం. చిగురు తెలుగు, గోష్త్ ఫార్సీ. ఈ రెండు ముక్కల పేరు పలికేటప్పుడు ఎవరికైనా ఫ్యూజన్ అనిపించిందా? మనం కలిపితే తహజీబ్, వాళ్ళు కలిపితే ఖిచిడీ! మాల్‌లో అదే అడోబోని నల్ల ప్లేటులో మూడు ముక్కలు పెట్టి తెల్ల షెఫ్ ఇస్తే మాత్రం ఫ్యామిలీతో పోయి సెల్ఫీలు దిగుతాం.

వాళ్ళ భాషలో షుక్రియాకి ఏమంటారో తెలుసా? సలామత్. అరబ్బీ మాటే, మలయ్ దారిలో అక్కడికి చేరింది. జడ్జిని హుకోమ్ అంటారు, మన హుక్మ్. తవీ-తవీలో సిమునుల్ దీవి మీద షేక్ కరీముల్ మఖ్దూమ్ మసీదు ఉంది, 1380లో మొదలైందని రివాయత్. అంటే చార్మినార్ కంటే రెండు వందల ఏళ్ళు ముందు. ఆ దేశంలో ఈనాటికీ నూటికి ఆరుగురు ముసల్మాన్లు. 2019లో మిందనావోలో బంగ్సామోరో అనే స్వయంపాలిత ఇలాకా ఏర్పడింది. అరటాకులో అన్నం, పైన తురిమిన కోడి పెట్టి చుట్టే పాస్తిల్ మగ్విందనావో ముసల్మాన్లది. కొబ్బరిని మాడ్చి నల్లగా వండే తియులా ఇతుమ్ తౌసుగ్ ముసల్మాన్లది. అల్లం, మిర్చి, ఒక రకం ఉల్లికాడ దంచి చేసే పలాపా మరనావోలది. మన పచ్చళ్ళకి చెల్లెలు అది. "ఫిలిపినో అంటే పంది" అనే మన హజ్రత్‌లు ఈ ఉమ్మత్‌నంతా ఒక్క మాటతో చెరిపేశారు. 2017లో మరావీ నగరం అయిదు నెలలు యుద్ధంలో కాలిపోతున్నప్పుడు దువా చేయమని మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసింది కూడా వీళ్ళే.

ఇంకో మాట కూడా అనాలి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పోయిన మన ఆడవాళ్ళు, మనీలా నుంచి పోయిన వాళ్ళు ఒకే వంటింట్లో నేల మీద పక్కలేసుకుంటారు. అరబ్బు ఇంట్లో ఇద్దరి పేరూ ఖద్దామాయే. 2018లో తమ పనిమనుషుల మరణాల మీద ఆగ్రహించి ఫిలిప్పీన్స్ సర్కారు కువైట్‌కి మనుషుల్ని పంపడం కొన్నాళ్ళు ఆపేసింది, ఒప్పందం రాయించుకుంది. ఆ గైరత్ చూసి నాకు రష్క్ పుట్టింది. మనం మాత్రం ఆ ఆడవాళ్ళ మెహనత్ ఖానా వాసన చూసి లిఫ్ట్‌లో ముక్కు మూసుకుంటాం.

సరే, ఏం తినాలో కూడా చెబుతాను, ఊరికే తిట్టి పోవడం నా ఆదత్ కాదు. మొదటిసారి పోయేవాళ్ళు సినిగాంగ్ తీసుకోండి. చింతపండు పులుసులో బీఫ్ ఎముక, ముల్లంగి, తూటికూర. చింతపండుని వాళ్ళు సంపాలోక్ అంటారు. మన పులుసులా పోపు ఉండదు, కారం ఉండదు, పులుపు మాత్రం నిఖార్సు. జ్వరం వచ్చి లేచిన మనిషికి అమ్మీ పెట్టే చారు గుర్తొస్తుంది.

రెండోసారి కరే-కరే. వేరుశనగ ముద్దలో దుమ్, బోటీ ఉడికిస్తారు. బగారా బైంగన్ తినే నాలుకకి ఆ గ్రేవీ పరాయిది కాదు. 1762లో ఇంగ్లీషు వాళ్ళు మద్రాసు నుంచి ఫౌజు తీసుకుపోయి మనీలాని పట్టుకున్నారు, రెండేళ్ళకి వదిలి పోయారు. ఆ ఫౌజులోని సిపాయిలు కొందరు తిరిగి రాకుండా కైంతా అనే ఊళ్ళో స్థిరపడ్డారు. కరే-కరే వాళ్ళ కూర నుంచే పుట్టిందని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ, ఆ సిపాయిల ఔలాద్ మాత్రం ఆ ఊళ్ళో ఉంది.

బగూంగ్‌ని చిన్న గిన్నెలో పక్కన ఇస్తారు. కరే-కరేలో ఉప్పు తక్కువ, దాని కోసమే అది. చెంచా కొనతో కొంచెం తీసి అన్నంలో కలుపుకోండి, పైన ఆ చిన్న కలమాన్సీ నిమ్మకాయ పిండండి. వద్దనుకుంటే గిన్నెని మెల్లగా పక్కకి జరపండి, ఆతె ఏమీ అనుకోదు. జుమ్మా రోజు నమాజ్ తర్వాత జాగా దొరకదు, ముందే పోవాలి. పోయేముందు "సలామత్, ఆతె" అనండి.