కెమెరా కొన్నారు సరే... మోసేదెలా?

కెమెరా కొనే ముందు మనవాళ్లు పది యూట్యూబ్ వీడియోలైనా చూస్తారు. సెన్సర్ ఏది, లెన్స్ ఏది, ఈఎంఐ ఎన్ని నెలలు... అన్నీ లెక్కేస్తారు. దాన్ని మోసే బెల్టు గురించి మాత్రం ఒక్కరూ అడగరు. డబ్బాలో కంపెనీ పేరు పెద్దగా కనిపించే బెల్టు ఒకటి వస్తుంది కదా, దాన్నే మెడలో వేసుకుని తిరుగుతారు. రెండు నెలలయ్యాక ‘అబ్బా, మెడ లాగేస్తోంది’ అంటూ కెమెరాని బీరువాలో పెట్టేస్తారు. ఫొటోలు మళ్లీ ఫోన్‌తోనే!

చిన్న డీఎస్‌ఎల్ఆర్, కిట్ లెన్స్ కలిపితే దాదాపు 700 గ్రాములు. అదే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 24-70 ఎఫ్2.8 లెన్స్ తగిలిస్తే కిలోన్నర అటూ ఇటూ. ఆ బరువంతా మెడ వెనక ఒక్క చోటే వేలాడితే గంట గడవడం కూడా కష్టమే. అందుకే బెల్టుని ఆర్టీసీ కండక్టర్ సంచి వేసుకున్నట్టు ఏటవాలుగా వేసుకోండి. ఎడమ భుజం మీంచి కుడి నడుము దగ్గరికి. బరువు భుజం మీద పడుతుంది, కెమెరా చేతికి అందుతుంది, ఎవరైనా లాగినా అంత తేలిగ్గా ఊడి రాదు. డబ్బాలో వచ్చిన బెల్టు ఇందుకు పొట్టిగా ఉంటే పొడవైన స్లింగ్ బెల్టు కొనుక్కోండి. సాగే మెత్తటి బెల్టులు షాపులో భలే హాయిగా అనిపిస్తాయి గానీ, నడుస్తుంటే కెమెరా ఎగిరెగిరి పడుతుంది. నా ఓటు కారు సీటుబెల్టులాంటి సాగని నైలాన్‌కే.

స్లింగ్ బెల్టులో ఒక మెలిక ఉంది. చాలావాటిని కెమెరా అడుగున, ట్రైపాడ్ బిగించే పావు అంగుళం రంధ్రంలో స్క్రూతో బిగిస్తారు. అంటే మీ వేలకు వేల రూపాయలు ఒక్క స్క్రూ మీద వేలాడుతున్నాయన్నమాట! నడుస్తున్నకొద్దీ కెమెరా ఊగుతుంది, తిరుగుతుంది, ఆ స్క్రూ మెల్లగా వదులవుతుంది. మనకి తెలీదు. బయల్దేరే ముందు, మధ్యమధ్యలో వేలితో తిప్పి చూసుకోవాల్సిందే. స్క్రూకి రబ్బరు వాషర్ ఉందో లేదో కూడా చూడండి. ఇంకా మంచిది, కెమెరా పక్కనుండే బెల్టు కొక్కేనికీ స్లింగ్‌కీ మధ్య చిన్న గట్టి తాడు కట్టేయడం. స్క్రూ ఊడినా తాడు పట్టుకుంటుంది. 70-200 లాంటి బరువు లెన్స్ ఉంటే స్క్రూ బిగించాల్సింది కెమెరాకి కాదు, లెన్స్ చుట్టూ ఉండే కాలర్‌కి. లేదంటే లెన్స్ బరువంతా మౌంట్ మీద పడుతుంది.

మేడారం జాతరలోనో, గణేశ్ నిమజ్జనంలోనో తిరిగేటప్పుడు కెమెరాని పక్క నుంచి ముందుకి తెచ్చుకుని ఒక చెయ్యి దానిమీదే ఉంచండి. బెల్టు మీద కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు అతికించండి. రేటు ఊరంతా చాటింపు వేయడం ఎందుకు? బ్యాగ్ కూడా అంతే. మామూలు కాలేజీ బ్యాగ్‌లో మెత్తటి అరలున్న పెట్టె పెట్టుకుంటే చాలు. బస్సు ఎక్కితే దాన్ని ముందుకి తగిలించుకోండి. స్కూటీ డిక్కీలో మాత్రం వద్దు బాబూ, మన రోడ్ల గుంతలకి లెన్స్ తట్టుకోలేదు!

ఫోన్ పోతే సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరిచ్చి బ్లాక్ చేయించొచ్చు. కెమెరాకి ఆ సదుపాయం లేదు. పోలీసులకి చెప్పాలన్నా, బీమా అడగాలన్నా సీరియల్ నంబరే ఆధారం. చాలా కెమెరాలకి అది అడుగునే ఉంటుంది, ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పని చేయకముందే కెమెరా పోయి, బిల్లు కూడా దొరక్కపోతే? దాంతో తీసిన పాత ఒరిజినల్ ఫైల్ ఏదైనా వెతికి, వివరాలు తెరిచి చూడండి. చాలా కెమెరాలు ఫొటోలోనే ఆ నంబర్ రాసి పెడతాయి. వాట్సాప్‌లో వెళ్లొచ్చిన ఫొటో అయితే లాభం లేదు, అందులో ఆ వివరాలు ఎగిరిపోతాయి.