నాలుగేండ్ల నౌకరి, నలభై ఏండ్ల గోస

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో తుపాకులు పేలాయి. వరంగల్ జిల్లా పిల్లగాడు ఒకడు పట్టాల మీదనే ప్రాణం విడిచాడు. పదిమందికి పైగా గాయపడి ఆస్పత్రి పాలయ్యారు. ఇంతకూ ఆ పిల్లలు అడిగిందేంది? కాంట్రాక్టులు అడిగారా? భూములు అడిగారా? సరిహద్దుకు పోయి మంచులో నిలబడి కాపలా కాసే నౌకరి అడిగారు. దేశం కోసం ప్రాణమిస్తామని వచ్చిన పిల్లగాని ప్రాణాన్ని దేశం లోపల్నే తీశారు.

రైలు బోగీలు తగలబెట్టుడు తప్పే. దాన్ని ఎవడూ మెచ్చుకోడు. కానీ ఆ రోజు టీవీల ముందు కూర్చొని 'వీళ్లేం సైనికులవుతారు' అని ఈసడించిన పెద్దమనుషులు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. అంతకు ముందు రెండేండ్లు ఆ పిల్లల ముచ్చట ఎవడన్నా అడిగిండా?

2019-20లో సైన్యంలోకి 80,572 మందిని తీసుకున్నారు. 2020-21లో ఎంతమందిని తీసుకున్నారు? సున్నా. 2021-22లో? సున్నా. కరోనా అన్నారు. కరోనాలో ఎన్నికలు ఆగలేదు, సభలు ఆగలేదు, సైన్యంలో భర్తీ మాత్రం ఆగింది. 2021లో కొన్ని ర్యాలీలు పెట్టారు. కిలోమీటరున్నర దాటిన పరుగును అయిదున్నర నిమిషాల్లో కొట్టి, పుల్లప్స్ తీసి, డాక్టరు పరీక్ష గట్టెక్కి, రాత పరీక్ష రేపు పెడతారు మాపు పెడతారు అని పిల్లలు ఎదురుచూశారు. వాయిదాల మీద వాయిదాలు. చివరికి 2022 జూన్ 14న 'అగ్నిపథ్' అన్నారు. పాత భర్తీ అంతా రద్దు, పాసైనోడు మళ్లీ మొదటి నుంచి రావాలె అన్నారు. పొద్దుగాల నాలుగింటికి లేచి ఊరి రోడ్ల మీద ఉరికిన రెండేండ్ల చెమటకు సర్కారు కట్టిన ఖరీదు అది.

లెక్క చూద్దాం

అగ్నివీర్ నౌకరి నాలుగేండ్లు. మొదటి ఏడు నెలకు 30 వేలు అంటారు, చేతికిచ్చేది 21 వేలు. ప్రతి నెలా నూటికి ముప్పై కోసి పక్కన పెడతారు. నాలుగేండ్లు నిండినాక 'సేవానిధి' పేరుతో 11.71 లక్షలు ఇస్తారు. మంత్రులు ఈ అంకెను దేవుని ప్రసాదం పంచినట్టు చెప్పారు. అందులో 5.02 లక్షలు ఆ పిల్లగాని జీతంలో కోసినవే. సర్కారు కలిపేది ఇంకో 5.02 లక్షలు. మిగిలింది మిత్తి. వాని పైసలు వానికే ఇచ్చి దానం చేసినట్టు చెప్పుకునుడేంది?

ఆ తర్వాత నూటికి 25 మందిని ఉంచుకుంటారు. 75 మందిని ఇంటికి పంపుతారు. పింఛన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. పద్దెనిమిదేండ్లకు పోయినోడు ఇరవై రెండుకు తిరిగొస్తడు. తోటోళ్లు డిగ్రీలు పూర్తిచేసి గ్రూప్స్‌కు చదువుతుంటే వీడు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలె. నాలుగేండ్ల నౌకరి, నలభై ఏండ్ల గోస అనేది అందుకే.

కాంట్రాక్టు లెక్చరర్, కాంట్రాక్టు నర్సు, ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ - ఈ మాటలు మనకు కొత్త కాదు. కాంట్రాక్టు సిపాయి ఒక్కడే బాకీ ఉండె. అదీ అయిపోయింది.

వాడుకొని వదిలేసుడు పాత కథే

ఈ వాడుకొని వదిలేసుడు ఢిల్లీ 2022లో కొత్తగా కనిపెట్టింది కాదు. తెలుగు సిపాయి దీన్ని రెండు శతాబ్దాలుగా చూస్తున్నాడు.

ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. తెలుగు నేల నుంచి పోయిన సిపాయిలను తీసుకొని కంపెనీ బెంగాల్ దాకా యుద్ధాలు చేసింది కాబట్టి సిపాయి అంటే తెలంగీ అనే పేరు పడింది. 1857లో ఢిల్లీ జనం తిరగబడ్డ సిపాయిలను కూడా ఆ పేరుతోనే పిలిచారు. అంతటి పేరు తెచ్చుకున్నోళ్లను తర్వాత ఏం చేశారు? 1885 నుంచి 1893 దాకా భారత సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకొని, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే కోసుకుంటూ వచ్చి 1920ల చివరికి మొత్తానికే ఎత్తేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చి మనుషులు చాలకపోయేసరికి మళ్లీ మద్రాసు రెజిమెంట్ పెట్టారు. అక్కరున్నప్పుడు వీరుడు, అక్కర తీరినాక పనికిరానోడు!

మన నిజాం రాజ్యంలో ఇంకో తీరు. 1813లో రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరు మీద మొదలైన దళం హైదరాబాద్ కాంటింజెంట్ అయింది. ఖర్చు నిజాం ఖజానాది, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. దాని బాకీ పేరు చెప్పి 1853లో బేరారును గుంజుకున్నారు. ఖజానాకు శిస్తు కట్టింది ఇక్కడి రైతు. సిపాయి నౌకరీలు మాత్రం ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చినోళ్లకు పోయాయి. 1922లో అది 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు, ఆఖరికి పేరు కూడా మిగల్లేదు. కుమావూన్ సిపాయిల మీద మనకు ఈర్ష్య లేదు, వాళ్ల త్యాగాలకు దండం. కానీ నిధులు మనవి, నియామకాలు పరులవి అనే ముచ్చట 1956తో మొదలైంది కాదని యాది చేసుకోవాలె.

స్వాతంత్ర్యం వచ్చినాక, 1966 నుంచి రాష్ట్రాల్లో భర్తీకి పనికొచ్చే మగవాళ్ల జనాభాను బట్టి వాటాలు వేశారు. ఆ లెక్కన మన పిల్లలకు దారి దొరికింది. సైన్యంలో పని చేసి వచ్చినోడు ఊర్లో ఇల్లు కట్టిండు, చెల్లె పెండ్లి చేసిండు, పింఛన్‌తో తల్లిదండ్రిని సాదిండు. ఎకరం భూమి లేని ఇంట్లో ఒక సిపాయి ఉంటే ఒక తరం గట్టున పడ్డది. తెగింది ఆ దారే.

సర్కారు వాదన ఏంది?

సైన్యం సగటు వయసు 32 నుంచి 26కు తగ్గాలంటారు. తగ్గించండి, వద్దన్నదెవరు? దానికి నూటికి 75 మందిని వెళ్లగొట్టుడొక్కటే మార్గమా? మాజీ సైన్యాధిపతి జనరల్ నరవణె జ్ఞాపకాల్లోంచి 2023 డిసెంబర్‌లో కొన్ని భాగాలు బయటికొచ్చాయి. 75 శాతం మందిని ఉంచి 25 శాతం మందిని పంపాలన్నది సైన్యం ఆలోచన అని అందులో ఉంది. ఢిల్లీ పెద్దలు ఆ అంకెను తలకిందులు చేశారు.

అసలు సంగతి పింఛన్. 2022-23 బడ్జెట్‌లో రక్షణకు 5.25 లక్షల కోట్లు పెడితే అందులో 1.19 లక్షల కోట్లు పింఛన్లకే పోయాయి. భారం నిజమే, కాదనం. కానీ సిపాయికి పింఛన్ ఎందుకు పెట్టారు? ముప్పై అయిదు, నలభై ఏండ్లకే వాన్ని ఇంటికి పంపుతున్నారు కాబట్టి. ఇప్పుడు ఇరవై రెండుకే పంపుతూ పింఛన్ కూడా లేదంటున్నారు. అయిదేండ్లు ఎమ్మెల్యేగా కూర్చున్నోనికి బతికినన్నాళ్లు పింఛన్ ఇచ్చినప్పుడు ఖజానా బరువు ఎవనికీ యాదికి రాదు!

బయటికొచ్చినోళ్లకు కేంద్ర సాయుధ బలగాల్లో పది శాతం రిజర్వేషన్ అన్నారు. కాల్పులు జరిగిన తెల్లారే ఈ మాట యాదికొచ్చింది. బాగానే ఉంది, కానీ ఆ కొలువుల కోసం ఇప్పటికే ఎదురుచూస్తున్న పిల్లలు ఎక్కడికి పోవాలె? ఒక నిరుద్యోగి నోటికాడి బుక్క తీసి ఇంకో నిరుద్యోగికి పెట్టుడు ఉద్యోగ కల్పన అవుతదా? అదే వారంలో బీజేపీ జాతీయ నాయకుడు కైలాష్ విజయవర్గీయ, పార్టీ ఆఫీసు కాపలాకు అగ్నివీరులకే మొదటి అవకాశం ఇస్తానన్నాడు. సరిహద్దు కాసినోడు ఆఫీసు గేటు కాయాలన్న మాట! వాళ్ల మనసులో ఉన్నదే నోట్లోకి వచ్చింది.

తూటా అడుగుతదా?

2025 మే నెలలో జమ్మూకశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు ఒక తెలుగు అగ్నివీరుడు బలయ్యాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని తండా బిడ్డ. ఆంధ్ర అయితేనేం, తెలంగాణ అయితేనేం, పేదింటి తల్లి కడుపుకోత ఒక్కటే. అగ్నివీరుడు పోరులో చనిపోతే బీమా 48 లక్షలు, పరిహారం 44 లక్షలు, మిగిలిన కాలపు జీతం ఇస్తారు. అది చిన్న మొత్తమని అనం. కానీ అదే కందకంలో పక్కన నిలబడ్డ రెగ్యులర్ సిపాయి చనిపోతే ఇంటికి ఆఖరి జీతంతో సమానమైన పింఛన్ ఏండ్ల తరబడి వస్తది. అగ్నివీరుని ఇంటికి రాదు. తూటా వచ్చి 'నువ్వు పర్మినెంటా, కాంట్రాక్టా' అని అడుగుతదా? తూటా అడగని ప్రశ్నను సర్కారెందుకు అడుగుతున్నది?

ఇప్పుడు మనం అడగాల్సింది

తొలి బ్యాచ్ పిల్లలు 2023 జనవరి మొదట్లో శిక్షణకు పోయారు. వాళ్లలో కొందరు మన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లోనే కవాతు నేర్చారు. ఆ నాలుగేండ్లు 2026 చివరికి, 2027 మొదట్లకు నిండుతాయి. ఊరిబాట పట్టే ఆ పిల్లల కోసం మనం అడగాల్సినవి ఇవి:

ఒకటి, ఉంచుకునే 25 శాతాన్ని తిరగేయాలె. పోతామన్నోన్ని పంపండి, ఉంటామన్నోన్ని ఉంచండి. ఎవరిని ఉంచారో, ఎవరిని పంపారో రాష్ట్రాలవారీగా లెక్క బయటపెట్టండి. అందులో తెలంగాణ పిల్లలు ఎందరో మాకు తెలియాలె.

రెండు, విధుల్లో చనిపోయిన ప్రతి అగ్నివీరుని ఇంటికి రెగ్యులర్ సిపాయి ఇంటితో సమానంగా పింఛన్ ఇవ్వాలె.

మూడు, సికింద్రాబాద్ ఘటన కేసుల్లో ఒక్కటి మిగిలి ఉన్నా ఎత్తేయాలె. నిరసనలో పాల్గొనలేదని రాసిస్తేనే దరఖాస్తు తీసుకుంటామని అప్పుడు సైన్యం అధికారులు చెప్పారు. ఒక కేసు ఒక పిల్లగాని నౌకరిని ఎట్ల మింగుతదో ఉద్యమంలో లాఠీలు తిన్న మనకు ఒకరు చెప్పాల్నా?

నాలుగు, తెలంగాణ నుంచి లోక్‌సభకు పోయే 17 మంది ఏ పార్టీవాళ్లయినా సరే, ఈ ముచ్చట మీద ఒక్కసారన్నా లేచి నిలబడాలె. 2022లో పాడె మోయడానికి పోటీపడ్డ పార్టీలన్నీ ఆనాటి మాట మీద ఉన్నాయో లేదో తేలాలె.

రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాల్లో మూడో మాట కోసం కొట్లాట మాత్రం ఖతం కాలేదు. ఊరికొక్క పిల్లగాడు ఇప్పటికీ తెల్లారుజామున చీకట్లో ఉరుకుతున్నాడు. వాడు ఉరికేది నాలుగేండ్ల కూలికి కాదు. ఆ సంగతి ఊర్లోకి వచ్చే ప్రతి నాయకుని మొఖం మీద అడగండి. జవాబు చెప్పేదాకా కదలనీయకండి.

జై తెలంగాణ!