సంధి కుదరని కార్డు

పెళ్ళిసంబంధానికి వెళ్ళి, కుర్రవాడి జీతమొక్కటే అడిగి తాంబూలాలు పుచ్చుకునేవారుంటారు. తరువాతి కథ చెప్పనక్కరలేదు. మొన్న ల్యాప్‌టాప్‌కు వై-ఫై కార్డు కొనడంలో నేను చేసిన ఘనకార్యమూ అదే.

మహబూబాబాదులో మా అక్కయ్య కూతురు చదువు ముగించి ఉద్యోగప్రయత్నంలో ఉన్నది. "మామయ్యా! ల్యాప్‌టాప్‌లో వై-ఫై పోయింది. సోమవారం పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. ఇందులోనే మాట్లాడాలి" అని శనివారం ఫోను చేసింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడినే అయినా, మేనమామననే పరువొకటి ఉన్నది గదా! జనగామలో ఒక దుకాణానికి వెళ్ళి, "మంచిది ఇవ్వండి" అన్నాను. అంతకుమించి నేనూ చెప్పలేదు, వారూ అడగలేదు. ఇంటెల్ ఏఎక్స్ 201 అనే కార్డు చేతికి వచ్చింది. ఆదివారం రైలెక్కాను.

వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30, అంతే కార్డు. పాతది తీసి దీన్ని పెడితే చక్కగా అమరింది. మర బిగించి మీట నొక్కితే, ల్యాప్‌టాప్ దాన్ని ఎరగనట్టే ఊరుకున్నది. అక్కయ్య నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

భూపాలపల్లిలో నా పాత శిష్యుడొకడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు సంధుల ప్రశ్నకు అతనికి సున్న వేశాను. సిగ్గు విడిచి అతనికే ఫోను చేశాను.

"సార్, దాంట్ల ప్రాసెసర్ ఇంటెల్‌దా, ఏఎండీదా?"

"ఏఎండీ అని స్టిక్కరున్నది."

"అయితే అది పలకదు సార్. ఏఎక్స్ 201, 211 సగం కార్డులే. మిగతా సగం పని ఇంటెల్ వాళ్ళ కొన్ని చిప్‌సెట్ల లోపల ఉంటది. ఏఎక్స్ 200, 210 నిండు కార్డులు. ఏఎండీలో కూడా నడుస్తయి. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన సంధి కుదరదు గద సార్!"

ఆ సున్నను అప్పుడే మనసులో దిద్దుకున్నాను. "మరి రేపటి సంగతి?" అన్నాను.

"ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టమనండి." మర్నాటి ఇంటర్వ్యూ ఆ కేబుల్ పుణ్యమే.

కొనబోయేవారికి నాలుగు మాటలు. ముందు ల్యాప్‌టాప్ మోడల్‌ను బట్టి, కార్డు విడిగా ఉన్నదా, బోర్డుకే అతికి ఉన్నదా కనుక్కోండి. అతికి ఉంటే యూఎస్‌బీ అడాప్టరే గతి. పాతవాటిలో మినీ పీసీఐఈ, కొత్తవాటిలో ఎం.2, ఒకదాని కార్డు మరొకదానిలో పట్టదు. కొన్ని పాత ల్యాప్‌టాపులు తయారుచేసినవారు ఒప్పుకున్న కార్డులను తప్ప రానివ్వవు.

తరువాత ఇంట్లోని రౌటరును చూడండి. 2009 నాటి వై-ఫై 4 ప్రమాణపు రౌటరు ముందు 2021 నాటి వై-ఫై 6 కార్డు పెట్టినా, నడిచేది పాత నడకే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం పోతాయి. 5 గిగాహెర్ట్జ్‌వి వేగమైనవే కాని, గోడ అడ్డమైతే త్వరగా డస్సిపోతాయి. రెండూ అందుకునే కార్డు మేలు. విప్పేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసెయ్యండి. సన్నని యాంటెన్నా తీగలను మెల్లగా ఊడదీసి, మళ్ళీ మరవకుండా తగిలించండి.

నిండు కార్డు మరుసటి వారం భూపాలపల్లి నుంచి వచ్చింది. శిష్యుడు డబ్బు వద్దన్నా బలవంతాన ఇచ్చాను. ఇంటర్వ్యూ ఫలితం ఇంకా తెలియలేదు. నా ఏఎక్స్ 201 మాత్రం బల్లమీద కన్యలా కూర్చున్నది. దానికి తగిన ల్యాప్‌టాప్ ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. ఈసారి జాతకాలు చూసే కలుపుదాం!